సైకాలజీయా, మానవాభివృద్ధి-కుటుంబ అధ్యయనమా: మన పిల్లలకు ఏది మేలు?

"చిన్నపిల్లల మనసుకు సంబంధించిన చదువు చదవాలనుందక్కా" అనే బైపీసీ అమ్మాయిలు మా రాజోలు వైపు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. వాళ్లకు తెలిసిన పేరు సైకాలజీ ఒక్కటే. మానవాభివృద్ధి, కుటుంబ అధ్యయనం అని ఇంకో శాస్త్రం ఉందని, అది హోమ్ సైన్స్‌లో భాగమని చెప్పగానే "వంటలు నేర్చుకోడానికి నాలుగేళ్లా?" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. నేను చదివింది అదే. ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజేని, మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పిన ఎరిక్సన్‌ని రెండు చోట్లా చదువుతారు. సైకాలజీలో జ్ఞాపకం, ఉద్వేగాలు, మానసిక జబ్బులు లోతుగా ఉంటాయి. మాకు కడుపులో బిడ్డ నుంచి ముసలితనం దాకా ఎదుగుదల, దాని చుట్టూ ఇల్లు, బడి, ఊరు. బిడ్డ ఎన్నడూ అడుగుపెట్టని చోటు, అంటే తల్లి పనిచేసే చోటు కూడా ఆ బిడ్డను మలుస్తుందని బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పింది నాకు కోనసీమలోనే అర్థమైంది.

ఒక అంగన్‌వాడీలో నాలుగేళ్ల బాబు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది, పెంపకం అమ్మమ్మది. వీడికి మాటలు సరిగా రావన్నారు. మూడు రోజులు గమనించాను. పెరట్లో దూడతో గలగలా మాట్లాడుతున్నాడు. వీడియో కాల్ వస్తే మాత్రం అమ్మమ్మ చెంగు పట్టుకుని వెనక్కి పోతాడు. "అమ్మరా, మాట్లాడు నాన్నా" అని ఆవిడ బతిమాలుతుంటే అవతల తల్లి కళ్లు తుడుచుకుంటోంది. లోపం వాడిలో లేదు. రోజూ ఒకే వేళకు ఫోన్ చేయమని, వాణ్ని ప్రశ్నలు అడక్కుండా ఆరోజు తనేం వండిందో చెప్పమని తల్లికి చెప్పాం. కొన్ని వారాలకు దూడను ఫోన్‌లో చూపించాడు.

ఇక ఎక్కడ చదవాలి, ఏ ఉద్యోగాలొస్తాయి అన్న విషయం. సైకాలజీ పీజీ విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఉంది. పేరు చెబితే ఎవరికైనా తెలుస్తుంది. కానీ క్లినికల్ సైకాలజిస్టుగా వైద్యం చేయాలంటే మామూలు పీజీ చాలదు, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ ఉండాలి. మా చదువుకు గుంటూరు వెళ్లాలి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఇప్పుడు హోమ్ సైన్స్ పేరు కమ్యూనిటీ సైన్స్, డిగ్రీ నాలుగేళ్లు. పోషకాహారం, బట్టలు, విస్తరణ (చదువును ఊళ్లోకి తీసుకెళ్లి జనానికి చెప్పే పని) అన్నీ చదివాకే పీజీలో మన సబ్జెక్టు పూర్తిగా దొరుకుతుంది. అంగన్‌వాడీ వ్యవస్థ, ప్రీస్కూళ్లు, స్వచ్ఛంద సంస్థలు, టీచింగ్ వైపు ఉద్యోగాలుంటాయి. ప్రభుత్వ నోటిఫికేషన్లు ఏటా రావు, ఆ టెన్షన్ తప్పదు.

డిప్రెషన్, స్కిజోఫ్రెనియా లాంటివి ఉన్నవాళ్లకు మానసిక చికిత్స (థెరపీ) చేయాలనుకునే అమ్మాయి రెండో ఆలోచన లేకుండా సైకాలజీకి వెళ్లాలి. పిల్లలతో, వాళ్లను పెంచే అమ్మమ్మలతో అరుగు మీద కూర్చుని పనిచేయాలనుంటే మాత్రం నేను మా చదువే చెబుతాను. ఆప్షన్లు పెట్టేముందు మీ ఊరి అంగన్‌వాడీలో టీచర్ని అడిగి ఒక పూట కూర్చోండి. పిల్లల్ని దింపడానికి ఎవరెవరు వస్తున్నారో చూడండి.