సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాపకు ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

మా పాపకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి. మెడ నిలవదు, తనంతట తాను పక్కకు ఒత్తిగిలలేదు. ఇలాంటి పిల్లల్లో కాళ్లూ చేతులకన్నా ఊపిరితిత్తుల మీదే ఎక్కువ కన్నేసి ఉంచాలని డాక్టరుగారు మొదట్నుంచీ చెబుతూ వచ్చారు. మింగడం సరిగా రాక చొంగ, తాగిన పాలు, కడుపులోంచి ఎగదన్నిన ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారతాయి. దగ్గుకు బలం ఉండదు కాబట్టి జారింది బయటికి రాదు. వెన్ను వంగేకొద్దీ ఛాతీ విచ్చుకునే చోటు తగ్గిపోతుంది. జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లల ప్రాణాల మీదికి తెచ్చేది ఎక్కువగా ఈ శ్వాస సమస్యలే. అందుకే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఈ మెషీన్, పల్స్ ఆక్సీమీటర్, మా ఇంట్లోకి వచ్చింది.

ముందు వేలికి తగిలించే చిన్న క్లిప్పు వాడాం. బిగుసుకున్న పిడికిట్లోంచి వేలు తీయడమే ఒక పని. తీసి తగిలించినా చెయ్యి ఒక్కసారి జెర్క్ ఇస్తే 97 కాస్తా 82 అవుతుంది, మళ్లీ 96 చూపిస్తుంది. పెద్దవాళ్ల క్లిప్పు చిన్న వేలికి వదులు కూడా. ఈ పిల్లలకు పనికొచ్చేది కాలి బొటనవేలికి గానీ పాదానికి గానీ చుట్టే ప్రోబ్ (తీగతో మెషీన్‌కు కలిసే సెన్సర్), దానికి తోడు అలారం, రాత్రంతా రీడింగులు దాచుకునే మెమరీ. అవి ఉన్న మెషీన్‌కు మారాకే మాకు కాస్త ఊరట దొరికింది.

అంకె ఒక్కటే చూసి నమ్మకూడదు. స్క్రీన్ మీద నాడి అల ఒకే తీరుగా సాగుతోందా, మెషీన్ చూపే నాడి వేగం పాప ఛాతీ మీద చెయ్యి పెట్టి లెక్కపెడితే సరిపోతోందా, పాదం వెచ్చగా ఉందా, ఈ మూడూ చూస్తాను. పాదం చల్లబడితే రక్తప్రసరణ తగ్గి రీడింగు తప్పుతుంది. ప్రోబ్ మీద సాక్సు తొడిగితే గదిలో వెలుతురు అడ్డురాదు, తీగ లాగేసుకోవడమూ తగ్గుతుంది. కొన్ని గంటలకోసారి ప్రోబ్‌ను రెండో కాలికి మారుస్తాం. ఒకే చోట ఉంచేస్తే చర్మం కందిపోతుంది, నొప్పి పుడుతోందని చెప్పడానికి పాపకు మాట లేదు కదా.

కొనబోయే ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఈ మెషీన్ ఊపిరిని కొలవదు. ఎర్ర కాంతి, ఇన్‌ఫ్రారెడ్ కాంతి చర్మంలోంచి పంపి రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో అంచనా వేస్తుంది, అంతే. కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంటే దానికి తెలియదు. పైగా పాపకు ఆక్సిజన్ పెట్టి ఉంటే, ఊపిరి మందగించినా అంకె 97 దగ్గరే నింపాదిగా నిలబడి ఉండొచ్చు. అలాంటప్పుడు పొద్దున లేవగానే తలనొప్పితో ఏడవడం, పగలంతా మగతగా ఉండడం లాంటివే మనకు దొరికే ఆనవాళ్లు. నల్లని చర్మం ఉన్నవాళ్లలో ఇది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉందని అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది కూడా.

అందుకే ముందు చొక్కా పైకెత్తి పాప ఛాతీ చూస్తాను, తర్వాతే స్క్రీన్. డొక్కలెగరేస్తోందా, ముక్కుపుటాలు అదురుతున్నాయా, ఊపిరి వదిలేటప్పుడు మూలుగుతోందా, పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి పోతోందా? తిన్నాక గొంతులో గురగుర మొదలైందా? కొందరు పిల్లలకు పొలమారినా దగ్గు రాదు, ఆ గురగుర ఒక్కటే గుర్తు. నిద్రలో ఉన్నప్పుడు నిండా 60 సెకన్లు ఊపిర్లు లెక్కపెడతాను. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నిమిషానికి 40, అంతకు మించితే వేగంగా ఉన్నట్టేనని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. దాంతోపాటు బాగున్న రోజుల్లో మన బిడ్డ ఎన్నిసార్లు పీలుస్తుందో రాసి పెట్టుకోవాలి. తేడా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి అదే ఆధారం. ఫోన్‌లో ఛాతీ వీడియో తీసి చూపిస్తే డాక్టరుకు మన మాటలకన్నా ఎక్కువ అర్థమవుతుంది.

ఫిట్స్ వచ్చినప్పుడు కుదుపులకు రీడింగు చెదిరిపోతుంది. పెదాల రంగు, ఊపిరి మాత్రమే చూడాలి. ఫిట్స్ ఆపడానికి డయాజెపామ్ లాంటి మందు ఇస్తే అది ఊపిరిని మందగింపజేయగలదు, కాబట్టి అప్పుడు పక్కనే కూర్చుంటాం, కుదుపులు ఆగాక ప్రోబ్ తగిలిస్తాం.

మెషీన్ తన విలువ నిలబెట్టుకున్నది రాత్రిపూటే. వెల్లకిలా పడుకున్నప్పుడు గురక, గురక ఆగిన కాసేపటికి ఆక్సిజన్ పడిపోవడం, ఉలిక్కిపడి మళ్లీ పీల్చడం, ఇవన్నీ రికార్డులో వరుసగా కనిపించాయి. అది చూసే డాక్టరు నిద్ర పరీక్షకు పంపారు, నిద్రలో శ్వాసదారి మూసుకుపోతోందని తేలింది. పక్కకు పడుకోబెట్టి, వీపు వెనక దిండు పెట్టడం మొదలుపెట్టాక ఆ పడిపోవడాలు బాగా తగ్గాయి. అలాగని రాత్రి రికార్డు బాగుంటే సమస్య లేనట్టేననీ కాదు, గురక, పగటి మగత ఉంటే నిద్ర పరీక్ష గురించి అడగాల్సిందే.

నాకు నచ్చనిది అలారం. కాలు కదిలితే మోత, ప్రోబ్ జారితే మోత. కొన్నాళ్లు ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. విసుగుతో అలారం కట్టేయాలనిపిస్తుంది, దయచేసి ఆ పని చేయకండి. ఏ అంకె దగ్గర మోగాలో మీ బిడ్డను చూసే డాక్టరుతో పెట్టించుకోండి. మాకు అలా పెట్టించాక అనవసరపు మోతలు సగానికి సగం తగ్గాయి.

తరచూ నిమ్ము చేసే పిల్లలకు, రాత్రి గురక పెట్టేవాళ్లకు, ఇంట్లో ఆక్సిజన్ వాడేవాళ్లకు డాక్టరును అడిగి కొనమనే చెబుతాను. ఒక ప్రోబ్ అదనంగా దగ్గరుంచుకోండి, ముందు పాడయ్యేది అదే. ఇక డొక్కలెగరేస్తూ, పాలు కూడా పట్టలేనంతగా ఆయాసపడుతుంటే మేం స్క్రీన్ మీద 96 ఉన్నా ఆగం, ఆసుపత్రికి బయల్దేరతాం. పెదాలు నీలంగా మారినా అంతే.