జంతువులతో మాటలు: వరంగా వస్తే మేలా, నేర్చుకుంటే మేలా?

జంతువులతో మాట్లాడే పిల్లల సాహస కథ ఏది తీసుకున్నా దాదాపుగా రెండు దారుల్లో ఒకటి పడుతుంది. మొదటి దారిలో ఓ ఉంగరమో, మూలికో, వెన్నెల రాత్రి తాగిన చెరువు నీళ్లో పనిచేస్తాయి. తెల్లారేసరికి పాపకి పిచ్చుక మాట, పులి మాట అన్నీ అర్థమైపోతాయి. రెండో దారిలో మంత్రం ఉన్నా అది తలుపు తీసి ఊరుకుంటుంది. పిల్లాడు చెట్టు కింద కూర్చుని వినాలి, తప్పుగా అర్థం చేసుకోవాలి, మళ్లీ వినాలి.

వరం కథని నేను తీసిపారేయను. నాలుగైదేళ్ల పిల్లలకి అదే మేలు. ఏనుగు నోరు తెరిచి "నాకు భయంగా ఉంది" అంటేనే ఆ వయసులో దాని భయం వాళ్లకి అందుతుంది. కథ కూడా చకచకా నడుస్తుంది. కాకపోతే, మాట వచ్చేసరికి అడవిలో జంతువులన్నీ మనుషులైపోతాయి. పులికీ జింకకీ ఒకటే తీరు, ఒకటే ఆలోచన. ఏ గూటి చిలక ఆ గూటి పలుకే పలుకుతుందంటారు. ఈ కథల్లో మాత్రం అన్ని గూళ్లలోనూ మన పలుకే వినిపిస్తుంది.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకైతే నా ఓటు నేర్చుకునే కథకే. ఎందుకంటే నిజం అడవిలో దానికి కావలసినంత సరుకుంది. ఆఫ్రికాలోని వెర్వెట్ కోతులు చిరుతని చూస్తే ఒకలా, గద్దని చూస్తే ఒకలా, పాముని చూస్తే ఇంకోలా అరుస్తాయి. మొదటి అరుపు వింటే చెట్టెక్కుతాయి. రెండోదానికి పైకి చూసి పొదల్లో దూరతాయి. మూడోదానికి వెనక కాళ్ల మీద లేచి గడ్డిలోకి చూస్తాయి. ఆ అరుపుల్ని రికార్డు చేసి, దగ్గర్లో ఏ శత్రువూ లేనప్పుడు వినిపించినా అలాగే చేశాయని 1980లో పరిశోధకులు రాశారు. నాకు మరీ నచ్చిన సంగతి ఇంకొకటుంది. కోతిపిల్లలు రాలుతున్న ఆకుని చూసి కూడా గద్ద అరుపు అరిచేస్తాయట! పెరిగేకొద్దీ దిద్దుకుంటాయి. భాష నేర్చుకుంటూ తడబడే పిల్లాడికి అలాంటి కోతిపిల్లే స్నేహితుడైతే, ఇద్దరూ కలిసి పొరపాట్లు చేస్తే, ఆ కథ నేను రెండుసార్లు చదువుతాను.

ఏనుగుల సంగతీ అంతే. 1984లో కేటీ పేన్ అనే పరిశోధకురాలు ఒక జూలో ఏనుగుల దగ్గరున్నప్పుడు గాలిలో ఏదో అదురు ఆమె ఒంటికి తెలిసింది, చెవికి మాత్రం ఏమీ వినపడలేదు. మన చెవికందనంత మంద్రంగా ఏనుగులు పిలుచుకుంటాయని అక్కడి నుంచే తెలిసింది. ఆ పిలుపులు కిలోమీటర్ల దూరం వెళ్తాయి.

ఇక కథలో జంతువుల్ని కాపాడే భాగం. తుపాకీ పట్టుకున్న వేటగాడున్న కథలో టెన్షన్ ఎక్కువ, అది ఒప్పుకోవాలి. వేట అబద్ధమూ కాదు. కానీ నేల మీద ప్రకృతికి అన్నిటికంటే ఎక్కువ నష్టం మనం భూమిని వాడుకునే తీరు మారడం వల్లే జరుగుతోందని, జీవజాతుల, ప్రకృతి పరిస్థితిని అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐపీబీఈఎస్ 2019 నివేదికలో చెప్పింది. అడవి మధ్య రోడ్డు పడుతుంది, చిత్తడి నేల పొలమవుతుంది. అందులో దుర్మార్గుడంటూ ఎవరూ ఉండకపోవచ్చు. వేటగాడు పట్టుబడితే కథ అయిపోతుంది, జింక తిరిగి వెళ్లడానికి అడవి ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. ఆ ప్రశ్న అడిగే కథ కొంచెం నెమ్మదిగా నడిచినా నాకు అదే కావాలి.

నెమ్మది అన్నానని పస తక్కువనుకోవద్దు. 1970లో హంప్‌బ్యాక్ తిమింగలాల పాటలు రికార్డుగా వచ్చాయి. వాటి అర్థం ఎవరికీ తెలియలేదు. అయినా విన్నవాళ్ల మనసు కదిలింది, తిమింగలాల్ని కాపాడాలన్న ఉద్యమానికి ఆ పాటలు బలమయ్యాయి. వ్యాపారం కోసం చేసే తిమింగలాల వేటని ఆపాలని 1982లో అంతర్జాతీయ కమిషన్ నిర్ణయించింది, 1986 నుంచి అది అమల్లోకి వచ్చింది.

అందుకే పుస్తకం ఎంచుకునేటప్పుడు నేను మధ్యలో ఓ పేజీ తెరుస్తాను. పాప జంతువుని ఏదో అడిగి ఉంటుంది. జవాబు వెంటనే తర్వాతి వాక్యంలో వచ్చేసిందా, లేక పాప దాని చెవులు, తోక, ఊపిరి చూస్తూ ఇంకా ఎదురుచూస్తోందా అని చూస్తాను.