పాత జనరేటర్ ఎలక్ట్రికల్ రిపేరు: భీమవరం నుంచి వచ్చిన మెకానిక్ పని ఎలా ఉందంటే

మా వనామీ రొయ్యల చెరువుల మీద 25 కేవీఏ డీజిల్ జనరేటర్ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, స్లిప్ రింగులు, వాటికి ఒరుసుకుంటూ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు ఉండే పాత రకం. రాత్రి కరెంటు పోయి ఇది కూడా అందుకోకపోతే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతాయి, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువగా ఉంటుంది, ఆ టెన్షన్ ఏంటో చెరువులు చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. దీన్ని బాగుచేసిన మెకానిక్ గారిది భీమవరంలో చిన్న షాపు. ఆయన పనికి నేను 5కి 4 ఇస్తాను.

సెల్ఫ్ (ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు) కొడితే ఒక్కోసారి టక్‌మని శబ్దం వచ్చి ఆగిపోయేది. ఎలాగో స్టార్ట్ అయినా ప్యానెల్ మీద వోల్టేజి లేచేది కాదు. అంతకుముందు వచ్చినతను కొత్త బ్యాటరీ వేయించాడు, తగ్గలేదు. ఏవీఆర్ (వోల్టేజిని అదుపులో ఉంచే సర్క్యూట్) పోయిందన్నాడు, కాసేపాగి అది కాదు, మొత్తం వైండింగ్ (జనరేటర్ లోపలి తీగ చుట్లు) కట్టించాలన్నాడు. ఇంత చెప్పినతను ఒక్కసారైనా మీటరు బయటికి తీయలేదు. పైగా ఇంజిన్ మధ్యలో ఆగిపోతోందని ఆయిల్ ప్రెషర్ స్విచ్ వైరు పీకేసి పక్కకి కట్టి వెళ్లాడు. ఇది మాత్రం క్షమించరాని పని, ఎందుకంటే ఆయిల్ ప్రెషర్ పడిపోతే ఇంజిన్‌ని ఆపేది ఆ స్విచ్చే.

ఈ మెకానిక్ గారు రాగానే బ్యాటరీ మీద మీటరు పెట్టారు. 12.6 వోల్టులు, అంటే నిండా చార్జింగ్ ఉంది. ఇంజిన్ స్టార్ట్ కాకుండా స్టాప్ లివర్ లాగి పట్టుకోమని మా కుర్రాడికి చెప్పి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నారు. అప్పుడు కూడా బ్యాటరీ దగ్గర పెద్దగా దిగలేదు. "బ్యాటరీది తప్పు కాదండీ, దారిలో ఎక్కడో పోతోంది" అని మీటరు వైరు ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద పెట్టి మళ్లీ కొట్టించారు. 2 వోల్టుల పైన చూపించింది. అక్కడ అర వోల్టు కూడా దాటకూడదు. ఆ రెండిటినీ కలిపే ఎర్తు పట్టీ విప్పి చూస్తే బోల్టు కింద అంతా పచ్చటి చిలుము. మా వైపు ఉప్పు గాలికి ఇది మామూలేనట. పట్టీ చివర బోల్టుకి బిగించే లగ్గు మార్చి, బ్లాకు మీద పెయింటు గీకి, శుభ్రంగా బిగించాక సెల్ఫ్ ఒక్క దెబ్బకి తిరిగింది. కొత్త బ్యాటరీకి పెట్టిన డబ్బంతా ఈ ఒక్క లగ్గు చూడకపోవడం వల్ల దండగైంది.

వోల్టేజి సంగతి చూసిన పద్ధతి నాకు ఇంకా నచ్చింది. లోడు తీసేసి ఇంజిన్ నడిపితే ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య నాలుగైదు వోల్టులు మాత్రమే ఉన్నాయి. ఆ కాస్త వస్తోందంటే లోపల తిరిగే రోటార్‌లో అయస్కాంతం మిగిలే ఉందన్నమాట. ఇంజిన్ ఆపి, ఏవీఆర్ వైర్లు పూర్తిగా విడదీసి, ప్లస్ మైనస్ సరిచూసుకుని కార్బన్లకి నేరుగా 12 వోల్టుల బ్యాటరీ ఇచ్చి మళ్లీ నడిపారు. వోల్టేజి లేచింది, మూడు ఫేజుల్లోనూ సమానంగా వచ్చింది. అంటే కట్టించమన్న వైండింగ్ నిక్షేపంగా ఉంది! ఇక మిగిలింది ఏవీఆర్, దానికి వెళ్లే వైర్లు. ఒక్కో వైరు కదుపుతూ కంటిన్యూటీ (లోపల తెగకుండా ఉందా అని) చూస్తే, ఏవీఆర్‌కి సప్లై తెచ్చే వైరు టెర్మినల్ దగ్గర పైతొడుగు బాగానే ఉండి లోపల తెగిపోయి ఉంది. ఏళ్లతరబడి అదురుకి అలా తెగుతుంది, కంటికి కనబడదు. ఆ ముక్క మార్చి, నల్లబడ్డ స్లిప్ రింగులు శుభ్రం చేసి, అరిగిన కార్బన్లు కొత్తవి వేశారు. ఏవీఆర్ పాతదే.

ఆయిల్ ప్రెషర్‌కి విడిగా గేజీ బిగించి చూశారు. ప్రెషర్ బాగుంది, స్విచ్చే పాడైంది, అందుకే కొత్త స్విచ్ వేసి వైరు మళ్లీ కలిపారు. చివర్లో ఏరేటర్లు ఒక్కొక్కటిగా వేయిస్తూ 230 వోల్టులు, 50 హెర్ట్జ్ నిలబడుతున్నాయా, బ్యాటరీకి 14 దాకా చార్జింగ్ వెళ్తోందా అన్నీ చూసి గానీ కదల్లేదు. ప్రతి రీడింగూ నాకు చూపించారు, తీసిన సామాను నా చేతికే ఇచ్చారు.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, సీజన్లో ఫోన్ ఎత్తరు, రాత్రిపూట రారు. బిల్లు తెల్లకాగితం మీద రాసిస్తారు. డీజిల్ పంపు, నాజిళ్ల పని చేయరు, దానికి వేరే మనిషిని చూసుకోవాలి. రేటు మాత్రం ముందే చెప్తారు, రావడానికి ఇంత, పనికి ఇంత అని, సామాను మనం తెచ్చిచ్చినా ఏమీ అనుకోరు.

ఇలాంటి పని తెలిసినవాళ్లని పిలిచేటప్పుడు జనరేటర్ ఎన్ని కేవీఏ, కార్బన్లు ఉన్నదా బ్రష్‌లెస్సా (కార్బన్లు లేని రకమా), ఇంజిన్ తిరుగుతుంటే ప్యానెల్ మీద ఎంత వోల్టేజి చూపిస్తోంది అనేవి ఫోన్లోనే చెప్పండి, కావలసిన సామాను వెంట తెచ్చుకుంటారు, రెండోసారి తిరిగే పని ఉండదు.