పరమాణు నమూనా పలక: 18 దాకా భేష్, 19 దగ్గర తంటా

మా మేనకోడలు సోడియం ఎలక్ట్రాన్ విన్యాసాన్ని, అంటే ఏ పొరలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో, "రెండు, ఎనిమిది, ఒకటి" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. ఆ చివరి ఒకటి ఏమిటని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తుంది. అందుకే ఈ చెక్క పలక తెప్పించాను. మూడు వారాలుగా ఇద్దరం కలిసి వాడుతున్నాం.

మధ్యలో కేంద్రకానికి ఒక బిళ్ల, దాని చుట్టూ నాలుగు వలయాలు. ఒక్కో వలయం ఒక్కో షెల్, అంటే ఎలక్ట్రాన్ల పొర. లోపలి నుంచి కె షెల్‌లో 2 గుంటలు, ఎల్‌లో 8, ఎమ్‌లో 18, ఎన్‌లో 32. ఎలక్ట్రాన్లుగా పెట్టడానికి 36 నీలం పూసలు, ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. పనితనానికి వంక పెట్టలేను. గుంటలు సరిగ్గా పూసకు తగినంత లోతున్నాయి, మోచెయ్యి తగిలినా ఏదీ దొర్లలేదు.

పూసలన్నీ ఒకే రంగులో ఉండటం మొదట్లో నాకు నచ్చలేదు. వేలన్సీ ఎలక్ట్రాన్లు, అంటే బంధాల్లో పాల్గొనేవి, విడిగా కనబడాలి కదా అని ఎనిమిది పూసలకు ఎర్ర నెయిల్ పాలిష్ పూశాను. ఆర్గాన్ వరకూ ముచ్చటగానే సాగింది. పొటాషియం దగ్గరికి వచ్చేసరికి బయట కొత్త వలయం మొదలైంది. దాంతో మూడో వలయంలోని ఎనిమిది ఎర్ర పూసలూ ఇక వేలన్సీవి కావు, తీసేసి నీలంవి పెట్టాలి. "అవే ఎలక్ట్రాన్లు కదా మావయ్యా, రంగెందుకు మారుతోంది?" అంది. తప్పు నాదే. వేలన్సీ అనేది ఎలక్ట్రాన్ గుణం కాదు, అది ఉన్న చోటును బట్టి వచ్చే పేరు. పాలిష్ గీకేసి, చివరి వలయం చుట్టూ ఒక ఎర్ర దారం పరిచాం. పరమాణువు మారితే దారం జరుపుతాం, అంతే.

అసలు పేచీ కూడా ఆ పొటాషియం దగ్గరే వచ్చింది. 2, 8, 8 పెట్టాక 19వ పూస చేతిలో మిగిలింది. పుస్తకంలో 2, 8, 8, 1 అని ఉంది. "మూడో దాంట్లో ఇంకా పది గుంటలు ఖాళీగా ఉన్నాయిగా, బయటికెందుకు పోవాలి?" అని పట్టుకుంది. పుస్తకం తిరగేస్తే దానికి ఒక్క ముక్క సమాధానం లేదు. ఆ పది గుంటలు మూడో షెల్‌లోని 3డి ఆర్బిటాళ్లవి (ఆర్బిటాల్ అంటే షెల్‌ లోపల ఎలక్ట్రాన్లు ఉండే చోటు). పొటాషియంలో వాటికంటే నాలుగో షెల్‌లోని 4ఎస్ ఆర్బిటాల్ శక్తి తక్కువ, కాబట్టి కొత్త ఎలక్ట్రాన్ అక్కడికి పోతుంది. కాల్షియంలో 20వది కూడా అక్కడే. స్కాండియంలో 21వది వెనక్కొచ్చి మూడో షెల్‌లో చేరుతుంది: 2, 8, 9, 2. ఆ పది గుంటల అంచుకు వేరే రంగు వేసి ఉంటే నాకు ఆ సాయంత్రం అంత టెన్షన్ ఉండేది కాదు.

ఇంకో లోటుంది. ఏ గుంటలోంచి తీసినా పూస ఒకే తేలికతో వస్తుంది. నిజంగా అయితే సోడియం నుంచి మొదటి ఎలక్ట్రాన్ తీయడానికి మోల్‌కు 496 కిలోజౌళ్లు చాలు, రెండోది తీయాలంటే దాదాపు 4,562 కావాలి. తొమ్మిది రెట్లు! సోడియం ఒకటి ఇచ్చి ఎందుకు ఆగిపోతుందో ఈ రెండు అంకెలు చూస్తే చాలు. పుస్తకంలో అవి లేవు, నేనే కాగితం మీద రాసి పలక వెనక అంటించాను.

'చివరి వలయంలోవే వేలన్సీ ఎలక్ట్రాన్లు' అని పుస్తకం తేల్చేసింది. సోడియం, క్లోరిన్ లాంటి వాటికి సరే. ఇనుము దగ్గర ఆ మాట నిలవదు. దాని విన్యాసం 2, 8, 14, 2. మూడు ధనావేశాల అయాన్‌గా మారేటప్పుడు బయటి రెండే కాదు, లోపలి షెల్ నుంచి ఒకటి కూడా పోతుంది. ఎలక్ట్రాన్లు ఇలా వలయాల్లో తిరగవన్న సంగతీ ఎక్కడా రాయలేదు. ఇది 1913 నాటి బోర్ నమూనా అని ఒక వాక్యం పెడితే సరిపోయేది.

ఐదుకు మూడున్నర ఇస్తాను. మొదటి 18 మూలకాలు నేర్చుకునే పిల్లలకు నిస్సంకోచంగా కొనొచ్చు. పెద్ద తరగతుల వాళ్లకైతే పక్కన చెప్పేవాళ్లు ఒకరుండాలి. డబ్బాలో ఒకటే పలక ఇస్తారని ముందే తెలుసుకోండి. ఉప్పు ఎలా ఏర్పడుతుందో చూపించాలంటే సోడియం ఇచ్చే పూసను అందుకోడానికి పక్కన క్లోరిన్ ఉండాలి కదా. ప్రస్తుతానికి మా క్లోరిన్ ఒక అట్టముక్క మీద పెన్సిల్‌తో గీసిన మూడు వలయాలు.