సర్వర్ బిగించాం అనగానే సంతకం పెట్టకండి, ముందు వైరు గీకి చూడండి

విశాఖలో ఆఫీసుకి సర్వర్ కొందామనుకుంటున్న వాళ్లు ఇది ఒక్కసారి చదవండి. షాపు పేరు రాయడం లేదు, మా గొడవ ఇంకా తేలలేదు.

అక్కయ్యపాలెంలో మాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. తొమ్మిది సిస్టమ్‌లు. ఇన్నాళ్లూ ఒక పాత కంప్యూటర్నే సర్వర్ అనుకుంటూ నెట్టుకొచ్చి, ఈసారి ద్వారకానగర్ వైపు ఒక షాపులో టవర్ సర్వర్ తీసుకున్నాం. సర్వర్‌లో ఏ లోపమూ లేదు, ముందే చెప్పేస్తున్నా. తప్పంతా దానికి తగిలించిన వాటిలోనే.

కొటేషన్‌లో ‘క్యాట్ 6 ప్యూర్ కాపర్’ అని రాశారు, అంటే పూర్తి రాగితో చేసిన ఒక రకం నెట్‌వర్క్ వైరు. బిల్లులో మాత్రం ఒట్టి ‘లాన్ కేబుల్’, అది ఏ నెట్‌వర్క్ వైరైనా కావచ్చు. ఆ తేడా నేను చూసుకోలేదు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి సాయంత్రానికల్లా తొమ్మిది టేబుళ్లకీ వైరు లాగేశారు. ఒక ఫైలు తెరిచి ‘వస్తోంది కదా సార్’ అన్నారు. వస్తోంది. సంతకం పెట్టేశాను.

రెండు వారాలు బాగానే నడిచింది. 20వ తేదీ జీఎస్టీ 3బీ గడువు, 18న సాయంత్రం నుంచి మూడు సిస్టమ్‌లలో కనెక్షన్ పోతూ వస్తూ ఉంది. ఆ టెన్షన్‌లో ఇంటర్నెట్ అతన్ని ఫోన్‌లో నానా మాటలూ అన్నాను, పాపం అతనికేం సంబంధం లేదు. రాత్రి బ్యాకప్ సంగతి సరేసరి. 60 జీబీ పక్క గదిలోని సిస్టమ్‌కి వెళ్లడానికి గంటన్నర!

గాజువాక నుంచి మా బావమరిది వచ్చాడు, ఈ పనే చేస్తాడు. స్క్రీన్ మీద లింక్ స్పీడు చూసి ‘బావా, 100 దగ్గరే ఆగిపోయింది చూడు’ అన్నాడు. ఈ కేబుల్లో ఎనిమిది తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కి నాలుగు చాలు, దానికి పది రెట్లుండే గిగాబిట్‌కి (1 జీబీపీఎస్) ఎనిమిదీ పని చేయాలి. మిగతా నాలుగింటిలో ఒక్క తీగ తెగినా చాలాసార్లు లింకు 100కి పడిపోయి నడుస్తూనే ఉంటుంది, మనకి తెలియదు. జాక్ కత్తిరించి పైతొడుగు ఒలిస్తే గోధుమరంగు తీగ దానంతటదే విరిగి చేతిలోకి వచ్చింది. ఇంకో తీగ తీసుకుని బ్లేడుతో గీకాడు. పైన ఎర్రగా ఉన్న పూత లేచిపోయి లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం! రాగి అయితే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. మార్కెట్లో దీన్ని సీసీఏ (కాపర్ క్లాడ్ అల్యూమినియం, అంటే పైన రాగి పూత వేసిన అల్యూమినియం) అంటారు. నాలుగుసార్లు వంచితే విరుగుతుంది. పైగా రాగి కంటే దీని రెసిస్టెన్స్ ఎక్కువ, అందుకని నెట్‌వర్క్ వైరులోంచే కరెంటు తీసుకునే కెమెరాలకి వేస్తే వైరు వేడెక్కుతుంది కూడా.

సర్వర్ వెనక చూస్తే ఇంకో భాగోతం. మామూలు నెట్‌వర్క్ పోర్టులాగే కనిపించే మేనేజ్‌మెంట్ పోర్టు ఒకటి ఉంటుంది, కొన్ని మోడళ్లలో దాని మీద పానా గుర్తు ఉంటుంది. ఆపేసి ఉన్న సర్వర్ని కూడా ఎక్కడి నుంచో ఆన్ చేయగలిగేంత అధికారం దానిది. వైరు లాగిన కుర్రాళ్లు దానికీ ఒక వైరు పెట్టి, అన్ని సిస్టమ్‌ల వైర్లూ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌లోనే గుచ్చారు. వచ్చిపోయే క్లయింట్లకి ఇచ్చే వైఫై కూడా ఆ స్విచ్ మీదే ఉంది, అంటే బయటివాళ్లు కూడా ఆ పోర్టు దాకా రావచ్చు. రెండు పవర్ సప్లైలున్న సర్వర్‌కి ఎక్కువ డబ్బు పెట్టింది ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందనే కదా. రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టారు. సర్వర్‌కే తగిలించే బ్యాకప్ డిస్కు సరేసరి, పక్కనే యూఎస్‌బీ 3 పోర్టు ఖాళీగా ఉండగా దానికంటే చాలా నెమ్మదైన యూఎస్‌బీ 2లో గుచ్చి వెళ్లారు.

షాపుకి వెళ్తే ఆయన ‘మీరిచ్చిన రేటుకి ఇదే వస్తుంది సార్, కెమెరాలకి అందరూ ఇదే వేస్తున్నారు’ అన్నాడు. కొటేషన్ చూపించాక గొంతు తగ్గింది. వైరు మారుస్తాడట, లాగుడు కూలి మాత్రం మనదేనట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేద్దామనుకున్నాను. కానీ 2019 చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారుల కిందికి రారు, సొంతంగా బతుకుతెరువు కోసం కొనుక్కుంటే తప్ప. తొమ్మిది సిస్టమ్‌లున్న నాకు ఆ మినహాయింపు వర్తిస్తుందంటే ఎవరైనా నవ్వుతారేమో.

కాబట్టి బిల్లులోనే ‘క్యాట్ 6 ప్యూర్ కాపర్’ అని రాయించుకోండి. వైరు బాక్సు తెరిచిన వెంటనే కొసన ఒక తీగ మీరే గీకి చూడండి, కుర్రాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. ప్రతి సిస్టమ్‌లోనూ లింక్ స్పీడు 1 జీబీపీఎస్ చూపించాకే సంతకం పెట్టండి. ఫైలు తెరుచుకోవడం టెస్టు కాదు.

బ్యాకప్ సిస్టమ్‌కీ ఇంకో రెండు టేబుళ్లకీ రాగి వైరు మేమే కొని వేసుకున్నాం. నిన్న రాత్రి అదే 60 జీబీ పది నిమిషాల్లో అయిపోయింది. మిగతావి ఇంకా వాళ్ల వైరు మీదే ఉన్నాయి, షాపతను సోమవారం వస్తానన్నాడు.