విస్కర్ మెనూలో ఐకాన్ సైజు: షాపులో ఇన్నాళ్లు వాడాక

విండోస్‌కి బదులు వాడే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ గురించి ఎవరిని అడిగినా పాత కంప్యూటర్ మీద తేలిగ్గా నడుస్తుందనే చెబుతారు. నిజమే, దాని గురించి కొత్తగా చెప్పేదేం లేదు. నాకు దీని మీద అభిమానం పుట్టింది మాత్రం వేగం చూసి కాదు, విస్కర్ మెనూ (ప్రోగ్రాములు తెరవడానికి నొక్కే మెనూ) ప్రాపర్టీస్‌లో ఉండే ఒక చిన్న ఆప్షన్ చూసి. అప్లికేషన్ ఐకాన్ సైజు. వెరీ స్మాల్ నుంచి వెరీ లార్జ్ దాకా, అంటే 16 పిక్సెళ్ల (తెర మీది చుక్కల) నుంచి 128 దాకా ఇచ్చిన సైజుల్లో ఏదైనా పెట్టుకోవచ్చు. కేటగిరీ ఐకాన్లకు వేరే సైజు. ఇంత చిన్న విషయానికి సమీక్ష దేనికి అనిపిస్తే, మాది డీటీపీ, జిరాక్స్ షాపు అని గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

షాపులో నాతోపాటు పనిచేసే అక్కకి తెలుగు టైపింగ్ కళ్లు మూసుకుని వచ్చు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కూడబలుక్కుని చదవాలి. అందుకే ఆవిడ ప్రోగ్రామ్‌ని పేరుతో కాదు, బొమ్మతో పట్టుకుంటుంది. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ అంటే నల్ల కొండ, ఫోటోలు దిద్దే గింప్ అంటే కుక్క, ఫైర్‌ఫాక్స్ అంటే నక్క. పెళ్లి కార్డు తెరవాలంటే "తమ్ముడూ, కొండ ఎక్కడికి పోయింది?" అని అడుగుతుంది. మెనూలో ఐకాన్లు 24లో ఉన్నప్పుడు కొండకీ కుక్కకీ పెద్ద తేడా తెలిసేది కాదు, రెండూ నల్లగా ఏదో ఉన్నట్టుండేవి. 48కి మార్చిన రోజు నుంచి నన్ను పిలవడం సగానికి సగం తగ్గింది. ఈ ఒక్క కారణంతో చాలాకాలం కనిపించిన వాళ్లందరికీ "48 పెట్టుకోండి, హాయిగా ఉంటుంది" అని చెబుతూ వచ్చాను.

కొత్త ప్రింటర్ కొన్నాక అసలు గొడవ మొదలైంది. స్కానింగ్ కోసం ఆ కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ వేశాం (పేరెందుకులెండి, ప్రింటర్ బాగానే ఉంది). మిగతా బొమ్మలన్నీ కత్తిరించి అతికించినట్టు స్పష్టంగా ఉంటే, దీని ఐకాన్ మాత్రం బూడిద రంగు మరకలా ఉంది. అక్క దాన్ని ప్రోగ్రామ్ అనే అనుకోలేదు, ఇంకా లోడ్ అవుతోందనుకుని ఆగింది. కౌంటర్ దగ్గర ఆధార్ కాపీల కోసం జనం, ఇక్కడ ఈవిడ మరక మారి బొమ్మ అవుతుందేమో అని చూస్తోంది. చివరికి పక్కనున్న ఇంకో స్కానింగ్ ప్రోగ్రామ్ నొక్కితే అది కొత్త ప్రింటర్‌ని గుర్తుపట్టలేదు. ఆ పూటంతా నాకు టెన్షనే.

రాత్రి షట్టర్ దించాక కూర్చుని చూశాను. ప్రతి ప్రోగ్రామ్‌కీ దాని వివరాలు మెనూకి చెప్పే డాట్ డెస్క్‌టాప్ ఫైలు ఒకటి ఉంటుంది, అందులో ఐకాన్ అని ఒక లైను. అక్కడ ఐకాన్ పేరైనా రాయొచ్చు, బొమ్మ ఫైలుకి పూర్తి దారైనా రాయొచ్చు. పేరు రాస్తే మెనూ తనకు కావలసిన సైజు బొమ్మని ముందు మనం పెట్టుకున్న థీమ్‌లో, అక్కడ లేకపోతే హైకలర్ అనే ఫోల్డర్‌లో వెతుక్కుంటుంది. లోపల 16×16, 32×32, 48×48 అని సైజుకో ఫోల్డర్, ఎస్‌వీజీ బొమ్మలకు (చుక్కలుగా కాక గీతలుగా దాచేవి) స్కేలబుల్ అని ఇంకోటి ఉంటాయి. కనీసం 48×48 బొమ్మ ఒకటైనా ఇవ్వమని లినక్స్ డెస్క్‌టాప్‌లన్నిటికీ ఉమ్మడిగా ఫ్రీడెస్క్‌టాప్ వాళ్లు రాసిన నియమాల్లోనే ఉంది. ఈ కంపెనీ వాళ్లు పేరు రాయకుండా ఒక పీఎన్‌జీ (చుక్కలుగా దాచిన బొమ్మ) ఫైలుకి పూర్తి దారి రాసి పడేశారు. ఆ ఫైలు 32×32. దారి రాసేస్తే ఇక వెతకడం లేదు, ఎంపిక లేదు, ఏ సైజు అడిగినా ఆ బొమ్మనే లాగాలి. 32ని 48కి లాగితే ఒక్కో చుక్క ఒకటిన్నర చుక్క అవ్వాలి. అర చుక్క అంటూ ఉండదు కాబట్టి అంచులన్నీ పక్క రంగులతో కలిసిపోతాయి. మరక అలా వచ్చింది.

సిస్టమ్‌లో ఉన్న ఫైలుని దిద్దితే అప్‌డేట్ వచ్చినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. అందుకని డాట్ డెస్క్‌టాప్ ఫైలుని హోమ్ ఫోల్డర్‌లోని డాట్ లోకల్, షేర్, అప్లికేషన్స్‌లోకి అదే పేరుతో కాపీ చేసుకున్నాను. ఒకే పేరుతో రెండుంటే మెనూ మన హోమ్‌లో ఉన్నదాన్నే తీసుకుంటుంది. ఐకాన్ లైనులో దారి తీసేసి పేరు పెట్టాను. ఇంక్‌స్కేప్‌లో 48×48 పేజీ మీద మూత తెరిచిన స్కానర్ బొమ్మ గీసి, ఎస్‌వీజీగా హోమ్‌లోని హైకలర్ స్కేలబుల్‌లో వేశాను. ప్యానెల్‌ని (మెనూ బటన్ ఉండే పట్టీని) రీస్టార్ట్ చేసేదాకా కనబడలేదు, చేశాక అద్దంలా వచ్చింది. మర్నాడు అక్క చూసి "పెట్టె తెరుచుకుంది" అంది. ఇప్పుడు దాని పేరు అదే, పెట్టె.

ఎస్‌వీజీ ఒక్కటుంటే అన్ని సైజులకీ సరిపోతుందని అంటారు, పెద్ద సైజుల వరకు అందులో అబద్ధం లేదు. కానీ నా బొమ్మనే మెనూలో 16 దగ్గర పెట్టి చూస్తే మూత గీత మాయమైంది. 48లో 2 పిక్సెళ్ల గీత 16కి వచ్చేసరికి పిక్సెల్‌లో మూడింట రెండు వంతులు, అంటే లేత బూడిద రంగు. టాంగో అనే ఐకాన్ థీమ్ వాళ్లు 16, 22, 32 సైజులకి విడివిడిగా బొమ్మలు గీసింది ఊరికే కాదు. పాపిరస్ థీమ్ కూడా అంతే, చిన్న సైజు తెరిస్తే వివరాలు తీసేసి మళ్లీ గీసిన బొమ్మ కనిపిస్తుంది. నేనూ 16కి ఇంకోటి గీశాను, మూత మానేసి పెట్టె, దాని మీద ఒక అడ్డగీత, అంతే.

48 పెట్టుకోమన్న నా సలహా కూడా ఇప్పుడు కాస్త మార్చుకోవాలి. నా టేబుల్ మీదున్నది 1366×768 లాప్‌టాప్. ప్రోగ్రాములు పెరిగేకొద్దీ 48లో లిస్టు కిందికి కిందికి పోయి స్క్రోల్ చేయడమే పనైంది. నాది 32కి దించేశాను. అక్క సిస్టమ్‌లో 48 అలాగే ఉంది, ఆవిడ వాడేవి ఫేవరెట్స్‌లో పట్టేన్నే కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక నా కోపమంతా రైట్ క్లిక్ మెనూల మీద. విస్కర్ సెట్టింగ్ విస్కర్ వరకే, ఫైల్ మెనూల్లో, రైట్ క్లిక్‌లో ఐకాన్లు 16 దగ్గరే కూర్చుంటాయి. ఈ మెనూలు, బటన్లు గీసే జీటీకే అనే లైబ్రరీ 2వ వెర్షన్ కాలంలో ఒక కాన్ఫిగ్ ఫైల్లో లైను రాస్తే ఇవి 24 అయ్యేవి. జీటీకే 3.10 నుంచి ఆ లైనుని పట్టించుకోవడం మానేశారు. ఫాంట్స్‌లో డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అన్నది) 96 నుంచి పెంచి చూస్తే అక్షరాలు లావెక్కాయి గానీ ఐకాన్లు కదల్లేదు, పెద్ద అక్షరాల పక్కన అవి ఇంకా చిన్నగా కనిపిస్తున్నాయి. విండో స్కేలింగ్ 2 పెట్టి అన్నీ రెట్టింపు చేస్తే ఈ స్క్రీన్ మీద సగం కిటికీలు బయటికి పోతాయి. గింప్ మాత్రం తన టూల్ ఐకాన్లకి స్మాల్ నుంచి హ్యూజ్ దాకా సొంత సైజులు ఇచ్చింది, అది హాయి.

మీ కళ్లు బాగుండి, ప్రోగ్రామ్ పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టే అలవాటుంటే ఇదంతా మీకు అక్కర్లేదు, ఐకాన్లు తీసేసినా తేడా పడదు. ఇంట్లో పెద్దవాళ్లో, షాపులో బొమ్మ చూసి పనిచేసే మనుషులో ఉంటే విస్కర్‌ని మించింది నాకైతే ఇంకా కనబడలేదు. 24 అంగుళాల మానిటర్ కొంటే నేనూ మళ్లీ 48కి వెళ్తానేమో. రైట్ క్లిక్ మెనూ అప్పుడు కూడా 16లోనే ఉంటుంది.