సైకిల్ షాపు ఫోటో ఉన్న మౌస్ ప్యాడ్: మూడేళ్ల వాడకం తరువాత

ఈ మౌస్ ప్యాడ్‌ను దానిపై అచ్చువేసిన ఫోటో కోసమే కొన్నాను. పాతకాలపు సైకిల్ షాపు, పైనుంచి వేలాడుతున్న టైర్లు, గోడ వెంబడి ఆనించిన సైకిళ్లు, ముందు భాగంలో తలకిందులుగా నిలబెట్టిన సైకిల్ పక్కన గొంతుక్కూర్చున్న మెకానిక్. అది ఏ సంవత్సరపు ఫోటోయో ప్యాడ్‌పై ఎక్కడా లేదు. అయితే గోడ వెంబడి ఉన్న సైకిళ్లకు రెండు చక్రాలూ సమానంగా ఉండి, చైను వెనుక చక్రాన్ని తిప్పే అమరిక కనిపిస్తుంది కాబట్టి, 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్ వచ్చిన తరువాతిదే అయి ఉండాలి. టైర్ల లావు చూస్తే, డన్లప్ గాలి టైరుకు పేటెంటు పొందిన 1888 కంటే కూడా తరువాతిదే. మౌస్ కింద పరిచే గుడ్డ మీద ఇంత వివరం నిలవడం నాకు మొదటి రోజు నుంచీ ఆనందమే.

కొన్న కొత్తలో సెపియా రంగును అందరి దగ్గరా మెచ్చుకున్నాను. కళ్లకు హాయిగా ఉంటుందని, మాసినా తెలియదని చెప్పాను. ఆ రెండో మాటే నన్ను తప్పుదారి పట్టించింది. గోధుమ రంగు బొమ్మపై చేతి జిడ్డు, దుమ్ము కలిసి గోధుమ రంగులోనే పేరుకుంటాయి కాబట్టి, మార్పు కంటికి ఆనదు. నా విషయంలో దాన్ని ముందుగా పసిగట్టింది చెయ్యే. రెండున్నరేళ్లు గడిచేసరికి కుడివైపు కింది మూలలో మౌస్ కొద్దిగా పట్టేయడం మొదలైంది. అప్పుడు పరీక్షగా చూస్తే, నా అరచేయి ఎప్పుడూ ఆనే ఆ చోట మెకానిక్ ముఖం మసకబారి ఉంది, అతని ముందున్న చక్రంలో ఒక్క ఊచ కూడా కనిపించడం లేదు. నా చేతి రాపిడికే బొమ్మ చెరిగిపోయిందనుకుని నిజంగా బాధపడ్డాను.

పారేసే ముందు ఒకసారి కడిగి చూద్దామని గోరువెచ్చని నీటిలో సబ్బు కలిపి, మెత్తని బ్రష్‌తో ఆ మూలను నెమ్మదిగా రుద్దాను. నీళ్లు మురికిగా దిగుతూ ఉండగా మెకానిక్ ముఖం తిరిగి వచ్చింది, దాని వెంట చొక్కా మడతలు, చేతిలోని స్పానర్ కూడా స్పష్టమయ్యాయి. ఇలాంటి ప్యాడ్‌లపై రంగు సాధారణంగా పైపూతగా ఉండదు. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో రంగు ఆవిరిగా మారి పాలిస్టర్ పోగుల్లోకి ఇంకిపోతుంది, అందుకే బ్రష్‌కు పొరలుగా ఊడదు. అయితే చక్రంలో ఊచలు మాత్రం రాలేదు. ఎంత రుద్దినా రిమ్ము మధ్య పలచని పొగ లాంటి మసకే మిగిలింది. అమ్మకానికి పెట్టినప్పటి బొమ్మను నేను దాచుకున్నాను కాబట్టి దాన్ని తెరిచి, పెద్దది చేసి చూశాను. అందులోనూ ఊచలు లేవు! గోడకు ఆనించిన చక్రాల్లో ఊచలన్నీ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉండగా, ఈ ఒక్క చక్రంలోనే లేకపోవడానికి కారణం ఒకటే: ఫోటో తీస్తున్నప్పుడు అది తిరుగుతూ ఉంది. మెకానిక్ కదలకుండా కూర్చున్నాడు, చక్రం ఆగలేదు. రెండున్నరేళ్లు దాని మీదే చెయ్యి ఆనించి పనిచేసిన నేను ఆ సంగతి ఆ రోజే గమనించాను.

ఆ సంతోషంలో చేసిన పొరపాటు ఒకటి ఉంది. తడి ప్యాడ్‌ను ఒక మూల క్లిప్పు పెట్టి ఎండలో వేలాడదీశాను. అడుగున ఉన్న రబ్బరు నీరు పీల్చుకుని బరువెక్కిందో, ఎండ వేడికి జిగురు మెత్తబడిందో, క్లిప్పు పెట్టిన మూల గుడ్డ రబ్బరు నుంచి దాదాపు రెండు సెంటీమీటర్ల మేర విడిపోయింది. రబ్బరుకు వాడే జిగురుతో అతికించాను కానీ, ఆ మూల గట్టిపడి మౌస్‌కు తగులుతోంది. ఇప్పుడు మూడు నెలలకొకసారి కడిగి, తువ్వాలు మీద పరిచి నీడలోనే ఆరబెడుతున్నాను.

మన్నిక గురించి ఇంకొక మాట చెప్పాలి. కిటికీ వైపున్న పై అంచు నిజంగానే కొద్దిగా వెలిసింది, కడిగినా ఆ రంగు రాలేదు. షాపు పేరు రాసిన బోర్డులోని అక్షరాలు కూడా మొదటి నుంచీ చదవడానికి వీలుగా లేవు. అచ్చు స్పష్టంగా ఉందని నేను తొలినాళ్లలో అన్న మాట బొమ్మ మధ్య భాగానికే వర్తిస్తుంది.

నేను రోజంతా అక్షరాలతో పనిచేసేవాణ్ని, మౌస్ వాడకం తక్కువ, చెయ్యి ప్యాడ్ మీద ఆనించే అలవాటు ఎక్కువ. ఆటలు ఆడేవారికి, మౌస్‌ను దూరంగా, వేగంగా జరిపేవారికి ఈ పరిమాణం చాలకపోవచ్చు. ఎడమచేతితో మౌస్ వాడేవారి అరచేయి మెకానిక్ మీద కాక గోడకు ఆనించిన సైకిళ్ల మీద పడుతుంది, కాబట్టి వారికి మాసే చోటు వేరుగా ఉంటుంది. నాకైతే, మూల లేచినా, అంచు వెలిసినా, ఈ ప్యాడ్‌ను మార్చాలనిపించడం లేదు. ఇదే బొమ్మ మళ్లీ దొరికితే ఇంకొకటి కొంటాను, దాన్ని కిటికీకి దూరంగా వేసుకుంటాను.